నా చైనీసుకు వయసు తెప్పించిన మనిషి

సౌదీలోని జిజాన్ పాత బజారులో నువ్వుల నూనె తీసే గానుగ ఒకటి ఉంది. కళ్లకు గంతలు కట్టిన ఒంటె దాని చుట్టూ తాపీగా తిరుగుతుంటుంది. పోయిన వారం అటువైపు వెళ్లినప్పుడు, అప్పుడే దిగిన వెచ్చటి నూనె వాసన వీధి మలుపులోనే ముక్కుకు తగిలింది. నడుస్తున్నదాన్ని అక్కడే ఆగిపోయాను. ఆ వాసన తగిలితే నాకు ఒళ్లు మండుతుంది. అందులో నూనె చేసిన పాపమేమీ లేదు. ఆ గానుగ దగ్గర నూనె కొనుక్కుని, నువ్వులు వేయించి నూరి, లావుపాటి నూడుల్స్‌లో కలిపి నాకు పెట్టిన మనిషిని ఈ ఊరి నుంచి ఎలా పంపించేశారో గుర్తొస్తుంది. ఆవిడ పేరు తాంగ్. మేమంతా తాంగ్ లావ్‌షీ అనేవాళ్లం. లావ్‌షీ అంటే చైనీసులో పంతులమ్మ. నిజానికి ఆవిడ ఏ బడిలోనూ పనిచెయ్యలేదు. ఓడరేవు పక్కన మేం కడుతున్న ప్రాజెక్టులో చైనా కాంట్రాక్టరుకు దుబాసీ. అరబ్బీ, ఇంగ్లీషు, చైనీసు మూడింటినీ అటూ ఇటూ మార్చి చెప్పడం ఆవిడ ఉద్యోగం.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. మా అమ్మ సికింద్రాబాదులో పుట్టి పెరిగిన చైనా కుటుంబం పిల్ల. వాళ్ల పెద్దలు చైనాలో హూబే అనే ప్రాంతం నుంచి వచ్చి పళ్ల డాక్టర్లుగా స్థిరపడ్డారు. నాన్నది నల్గొండ. నాకు అమ్మ ముఖం, నాన్న ఇంటిపేరు వచ్చాయి. ఆరేళ్లు వచ్చేవరకు అమ్మ నాతో వాళ్ల భాషలోనే మాట్లాడేది. బడిలో చేర్చాక హెడ్‌మిస్ట్రెస్ అమ్మను పిలిపించి, 'ఇంట్లో ఆ భాష మానెయ్యండి, పిల్ల వెనకబడుతోంది' అని చెప్పింది. అమ్మ సరేనని ఇంటికొచ్చి, ఆ సాయంత్రం నుంచే మానేసింది. ఆ హెడ్‌మిస్ట్రెస్ మీద నాకు ఇప్పటికీ కోపమే. తెలుగు, ఇంగ్లీషు, హిందీ ఒకేసారి మోస్తున్న పిల్లకు నాలుగో భాష ఒక్కటే ఎందుకు బరువైందో ఆవిడ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

అలా నా చైనీసు ఆరేళ్ల దగ్గర ఆగిపోయింది. చెయ్యి కడుక్కో, చలేస్తోంది, ఇంకొంచెం పెట్టు, పిల్లిని తోలెయ్యి, ఇలాంటివి నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. తనిఖీ, బాధ్యత, ఒప్పందం, ఇలాంటివి ఒక్కటీ రావు. అక్షరం ముక్క చదవలేను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేర్చుకుందామని ఒక ఆన్‌లైన్ క్లాసులో చేరాను. మొదటి వారమే ఆ టీచరు, 'మీకు ఇవన్నీ వచ్చు, మిమ్మల్ని చూసి మిగతావాళ్లు బెదురుతున్నారు, పై క్లాసుకు వెళ్లండి' అంది. పై క్లాసులో ఒక పేజీ తెర మీద పెట్టి చదవమన్నారు. నేను నోరు విప్పకపోయేసరికి కింది క్లాసుకు వెళ్లమన్నారు. కింద కూర్చోనివ్వరు, పైన నిలబడనివ్వరు. ఇంట్లో సగం నేర్చి ఆగిపోయినవాళ్లు కూడా ఉంటారని ఆ పాఠాలు రాసినవాళ్లకు తోచనే లేదు.

ఒక భారతీయ కన్సల్టెన్సీ తరఫున క్వాలిటీ ఇంజినీరుగా జిజాన్ వచ్చాక ఇది రోజూ గుచ్చుకునే ముల్లయింది. కాంట్రాక్టరు మనుషులు నా ముఖం చూసి గబగబా చైనీసులో మొదలుపెట్టేవాళ్లు. నేను రెండు వాక్యాలు మాట్లాడగానే వాళ్ల మొహాల్లో ఏదో మోసం బయటపడినట్టు మార్పు కనిపించేది. ఒకసారి మీటింగు సాగి సాగి భోజనాల వేళ దాటిపోయింది. కాంట్రాక్టరు సైట్ మేనేజరు గావ్ అనే ఆయన. ఆయన్ని మర్యాదగా భోజనానికి పిలుద్దామనుకుని, మా అమ్మ అన్నట్టే 'ఫన్‌ఫన్ తిందామా' అన్నాను. అది పసిపిల్లలతో వాడే మాట. నిండు సభలో లేచి మేనేజరుగారిని 'బువ్వ తిందామా' అని అడిగినట్టన్నమాట. గది మొత్తం నవ్వింది. గావ్ అయితే కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. అప్పటి నుంచి వాళ్ల ఆఫీసులో నా పేరు ఫన్‌ఫన్. ఆ తర్వాత కొద్దిరోజులకే మా సౌదీ ఇంజినీరు ఒకతను ఫోన్లో చూసి నేర్చుకున్న చైనీసు పలకరింపు ఒక్కటి చెప్తే అదే గది చప్పట్లు కొట్టింది. అతని మీద నాకేమీ కోపం లేదు. కానీ ఒక్క మాట నేర్చినవాడికి చప్పట్లు, అమ్మ ఒళ్లో నేర్చినదానికి వెక్కిరింపా అని ఆ రోజంతా ఉడికిపోయాను.

నవ్వనిది ఒక్క తాంగ్ లావ్‌షీయే. ఏభై దాటిన మనిషి, చెవుల దగ్గరికి కత్తిరించిన జుట్టు, ఎప్పుడూ చిట్లించినట్టుండే కళ్లు. ఆ చప్పట్ల మీటింగు అయ్యాక పోర్టా క్యాబిన్ నీడలో నన్ను ఆపి, నిదానంగా చైనీసులో అడిగింది.

"పాలను మీ ఇంట్లో ఏమంటారు?"

"ల్యోలై" అన్నాను.

"అందరూ న్యోనై అంటారు. 'న'కు బదులు 'ల' పలికేది మా హూబే వైపు వాళ్లు. మా అమ్మమ్మ అచ్చం ఇలాగే అనేది." చిట్లించిన కళ్లు కాస్త విచ్చుకున్నాయి. "అతన్ని మెచ్చుకున్నారని బాధపడకు. మెచ్చుకోళ్లు అతిథులకు. నువ్వు ఇంటి మనిషివి, అందుకే నీ తప్పులు ఏరుతున్నారు. అది అన్యాయమే. అలాగని అతిథిగా మారిపోవాలని చూడకు. శుక్రవారం మా గదికి రా."

ఇద్దరం ఒకే కాంపౌండులో ఉండేవాళ్లం. అలా శుక్రవారం మధ్యాహ్నాలు నాకు బడి మొదలైంది. నూడుల్స్ తిన్నాక బల్ల తుడిచి ఎదురుగా కూర్చునేది. పుస్తకాలేమీ లేవు. మొదటిరోజే చెప్పింది, "నీకు భాష వచ్చు. దానికి వయసు రాలేదు. నా పని దానికి వయసు తెప్పించడం." సైట్లో ఉన్న హెచ్చరిక బోర్డులే నా వాచకం. రోజూ దాటిపోయే బోర్డుల మీద అక్షరాలు చూసొచ్చి శుక్రవారం ఆవిడకు రాసి చూపించాలి. ప్రవేశం లేదు, హెల్మెట్ పెట్టుకో, ఎత్తులో పని జరుగుతోంది, ఇలా మొదలైంది నా చదువు. నా 'ల'ను మాత్రం పారెయ్యనివ్వలేదు. "'న' కూడా నేర్చుకో. రెండూ ఉంచుకో. ఒకటి ఆఫీసుకి, ఒకటి మీ అమ్మకి" అనేది.

ఓపిక గల మనిషి అని చెప్పను. తప్పు పలికితే నూడుల్స్ తినే పుల్లతో బల్ల మీద టకటకా కొట్టేది. ఒకే మాట స్వరం తేడాతో నాలుగు రకాలుగా అర్థం మారే భాష అది. ఒక మధ్యాహ్నం ఒకే వాక్యాన్ని ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ చెప్పమంది. నాకు విసుగు పుట్టి పెన్సిలు విసిరికొట్టి, ఇంగ్లీషులో, "నాకు ముప్పై దాటాయి. ఈ వయసులో ఈ అవమానం నాకెందుకు" అన్నాను.

"కోపం వచ్చిందా? అయితే ఆ కోపం చైనీసులో చెప్పు."

వెతుక్కున్నాను. వెతికి వెతికి, "నువ్వు చెడ్డదానివి. నీతో ఆడుకోను" అన్నాను. నా దగ్గర ఉన్నది అంతే.

ఆవిడ నవ్వడం అదే మొదటిసారి చూశాను. నవ్వు ఆగాక, "ఇది ఆరేళ్ల పిల్ల కోపం. అన్నం మానేస్తుంది, ఆట మానేస్తుంది. పెద్దవాళ్ల కోపం వేరుగా ఉంటుంది. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఏం చేశారు, అది వరసగా చెప్తారు. గొంతు పెంచరు. ఎవరైనా నిన్ను చిన్నపిల్లలా చూస్తున్నారంటే, నీకు ఆ వరస రాదని వాళ్లకు ధైర్యం" అంది. ఆ రోజు నుంచి పాఠం మారింది. వారంలో నన్ను ఏది మండించిందో అది చైనీసులో చెప్పాలి. హెడ్‌మిస్ట్రెస్ గురించి చెప్పాను. క్లాసుల గురించి చెప్పాను. ఫన్‌ఫన్ అని పిలిచినవాళ్ల గురించి, పేర్లతో సహా చెప్పాను. అది విన్న మర్నాడు ఆవిడ వాళ్ల ఆఫీసుకు వెళ్లి, "మీ ఇంగ్లీషు విని ఆ అమ్మాయి ఒక్కసారైనా నవ్విందా?" అని అడిగిందట. ఆ పేరు కొన్నాళ్లు వినపడలేదు.

ఇలా ఏడాది పైన గడిచింది. అప్పుడు బాషా పడిపోయాడు.

హుసేన్ బాషాది ప్రొద్దుటూరు. ఎత్తులో పనికి ఇనుప పైపులతో మంచె కట్టే స్కాఫోల్డర్. సైట్లో నాతో తెలుగు మాట్లాడే కొద్దిమందిలో ఒకడు. ఒక ఉదయం మంచె మీది నుంచి పడి తుంటి ఎముక, కాలు విరిగాయి. మర్నాడే కాంట్రాక్టరు నుంచి ప్రమాద నివేదిక వచ్చింది. అతను సేఫ్టీ బెల్టు కొక్కెం తానే విప్పుకున్నాడని, తప్పు అతనిదేనని అందులో ఉంది. నేను ఆసుపత్రికి వెళ్లి అడిగాను.

"నేనేం ఇప్పల్యా మేడం" అన్నాడు, నొప్పికి పళ్లు బిగబట్టి. "కొక్కెం పైపుకి తగిలిచ్చినా. ఆ పైపే ఊడొచ్చె. పైపుల్ని బిగిచ్చే క్లాంపు పగిలిండాది. పైపు నాతోపాటే కింద పడె. అది వాళ్లు సూళ్లేదా?"

తప్పు అతనిదని తేలితే వైద్యం సగంలో ఆపి ఇంటికి పంపేస్తారని అతనికి తెలుసు. నాకూ తెలుసు.

విచారణ ప్రాజెక్టు ఆఫీసులో జరిగింది. క్లయింటు తరఫు సేఫ్టీ అధికారి, సౌదీ ఆయన, అధ్యక్షత వహించారు. ఒక పక్క గావ్, ఆయన అసిస్టెంటు. మధ్యలో తాంగ్ లావ్‌షీ. బాషా చెప్పిందాన్ని నేను ఇంగ్లీషులో చెప్పడానికి కూర్చున్నాను. నేను పగిలిన క్లాంపు మాట ఎత్తాను, ఆవిడ దాన్ని చైనీసులోకి మార్చింది. వెంటనే గావ్ తన అసిస్టెంటు వైపు తిరిగి, చైనీసులో, మామూలు గొంతుతోనే, "ఆ క్లాంపులు పనికిరావని పోయిన నెలలోనే రాశారు కదా, మార్చలేదా?" అన్నాడు. అసిస్టెంటు తల దించుకున్నాడు. గావ్ తాంగ్ లావ్‌షీతో, "అది మా మధ్య మాట. అనువదించకు" అన్నాడు.

"ఈ బల్ల దగ్గర అన్న ప్రతి మాటా అనువదించడమే నా పని" అంది ఆవిడ. అని, మొదట ఆయన అసిస్టెంటును అడిగిన ప్రశ్నను, ఆ తర్వాత అనువదించొద్దన్న మాటను కూడా అరబ్బీలో చెప్పింది. అధికారి కలం ఆగింది. ఆ రోజుకు విచారణ వాయిదా వేశారు.

ఆ నెల తిరక్కుండానే ఆవిడకు ఫైనల్ ఎగ్జిట్, అంటే దేశం వదిలి పొమ్మనే ముద్ర, కొట్టించారు. ఆవిడ ఇఖామా, సౌదీలో ఉండటానికి ఇచ్చే అనుమతి, కాంట్రాక్టరు పేరు మీద ఉంది. దానికి పూచీపడే కఫీల్ వాళ్లే. కారణం అడిగితే ఒప్పందం ముగిసిందన్నారు. ఆవిడ అలసిపోయి ఉందని, ఆ రోజు అనువాదంలో పొరపాటు పడిందని ఒక వదంతి కూడా వదిలారు. మూడు భాషల్లో ఒక్క అక్షరం జారనివ్వని మనిషి గురించి అది అన్నారు. ఎయిర్‌పోర్టుకు నేను దిగబెట్టాను. దారంతా నేనే తిడుతూ కూర్చున్నాను, తెలుగులో, ఇంగ్లీషులో. ఆవిడ కిటికీ వైపు చూస్తూ విని, చివరికి, "మళ్లీ విచారణ పెడతారు. కొత్త దుబాసీని కూర్చోబెడతారు. మాకు తప్ప ఇంకెవరికీ చైనీసు రాదన్న ధీమాతో గావ్ ఆ మాట అన్నాడు. ఆ గదిలో అది అర్థమైన వాళ్లు ఇంకా ఎవరున్నారో అతను ఆలోచించి ఉండడు" అంది. 'నువ్వు చెప్పు' అని మాత్రం అనలేదు. లోపలికి వెళ్తూ వెనక్కి తిరిగి చూడలేదు.

ఆవిడ అన్నట్టే మళ్లీ విచారణ పెట్టారు. ముందురోజు మా మేనేజరు సుధాకర్ గారు నన్ను గదిలోకి పిలిచారు. కాకినాడ వైపు మనిషి, గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది.

"మనకెందుకండీ మాధవిగారూ ఈ గొడవ? వాళ్ల మనిషి, వాళ్ల అనువాదం. మీ ఇఖామా రెన్యువల్ గడువు కూడా ఇప్పుడే వచ్చింది. ఇంగ్లీషులో అడిగినదానికి ఇంగ్లీషులో చెప్పేసి వచ్చెయ్యండి."

"పడినవాడు మనవాడు కదండీ సార్."

"కాదనను. కానీ ఆ మాట మీకు సరిగ్గా అర్థమైందని నమ్మకమేంటండీ? మీ చైనీసు అంతంత మాత్రమేనని మీరే అంటారు కదా."

ఆయన చెడ్డవాడు కాదు. భయస్థుడు. కానీ ఆ ఒక్క మాటకు నాకు చెవులు వేడెక్కాయి. నేను వినయం కోసం పదిమందిలో అన్న మాట, చివరికి నా నోరు నొక్కడానికి పనికొచ్చింది.

విచారణలో కొత్త దుబాసీ కుర్చీ అంచున కూర్చున్నాడు. గావ్ వచ్చి, క్లాంపుల గురించి తాను ఏమీ అనలేదని, పాత అనువాదం తప్పని చెప్పాడు. నేను చెయ్యెత్తాను. ఆ మాట అన్నప్పుడు నేనూ ఇక్కడే ఉన్నానని, నాకు అది అర్థమైందని అధికారికి ఇంగ్లీషులో చెప్పాను. గావ్ నవ్వి, తన పక్కవాడితో చైనీసులో, "ఫన్‌ఫన్ తప్ప ఈ పిల్లకు ఏం తెలుసు" అన్నాడు.

నేను ఆయన వైపు తిరిగి చైనీసులో మొదలుపెట్టాను. "నా చైనీసు బాగుండదు, క్షమించండి" అన్నాను ముందు. తర్వాత చెప్పాను. ఆ రోజు ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో, నేను ఏ మాట ఎత్తాక ఆయన అటు తిరిగారో, అసిస్టెంటును ఏమడిగారో, దుబాసీని ఏం వద్దన్నారో, ఆయన వాడిన మాటలతోనే చెప్పాను. రెండు చోట్ల స్వరం తప్పింది. 'ఆ రోజు' అనే మాటలో 'న' పడాల్సిన చోట 'ల' పడింది. దిద్దుకోవడానికి ఆగలేదు. "ఇప్పుడు మీరు నా గురించి అన్న మాట కూడా నాకు అర్థమైంది. అది కూడా అనువదించమంటారా?" అని ఆపాను. గావ్ ముఖంలో నవ్వు మెల్లగా ఎండిపోవడం నేను రెప్ప వెయ్యకుండా చూశాను. అందుకు నాకేమీ సిగ్గు లేదు.

అధికారి కొత్త దుబాసీని, "ఆమె ఏం చెప్పింది?" అని అడిగారు. అతను గావ్ వైపు చూశాడు, బల్ల వైపు చూశాడు, తర్వాత ఒక్క మాట వదలకుండా అనువదించాడు. ఆ మధ్యాహ్నమే మంచె దించి మూలన పడేసిన క్లాంపులు తెప్పించి చూస్తే చాలావాటికి పగుళ్లున్నాయి. అసిస్టెంటు ఒప్పుకున్నాడు. బాషా మీద తప్పు తీసేశారు. అతనికి మళ్లీ నిలబడేవరకు కాంట్రాక్టరే వైద్యం చేయించాల్సి వచ్చింది. ఇప్పుడు ప్రొద్దుటూరులో ఉన్నాడు, కాస్త కుంటుతాడు, తమ్ముడి కొట్లో కూర్చుంటున్నాడు. నా ఇఖామా కూడా ఏ ఇబ్బందీ లేకుండా రెన్యువల్ అయింది.

తాంగ్ లావ్‌షీ విషయంలో మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఆవిడ చెప్పింది నిజమని తేలింది, అయినా ఆవిడను వెనక్కి పిలవలేదు, పొరపాటు పడిందన్న వదంతిని ఒక్కరూ ఖండించలేదు. గావ్‌ను హఫర్ అల్ బాతిన్ అనే ఊళ్లో ఇంకో సైటుకు మార్చారు, అదే హోదాలో. నిజం చెప్పిన మనిషి సూట్‌కేసు సర్దుకోవాలి, దాచమన్నవాడు కుర్చీ మారితే చాలు. దీన్ని తలచుకుని శాంతంగా ఉండడం నాకు ఇంతవరకు చేతకాలేదు. చేతకావాలని కూడా లేదు.

విచారణ ముగిసిన సాయంత్రం ఆవిడకు ఫోన్ చేశాను. తన ఊళ్లో అరబ్బీ ట్యూషన్లు చెప్పుకుంటోంది అప్పటికే. జరిగిందంతా చెప్పాను. మెచ్చుకుంటుందేమోనని ఒక మూల ఆశ లేకపోలేదు.

"మొదటి వాక్యం ఏమన్నావు? మళ్లీ చెప్పు."

చెప్పాను.

"ఎవరికి క్షమాపణ? దేనికి?" ఆవిడ అంత కోపంగా నాతో ఎన్నడూ మాట్లాడలేదు. "నీ నుంచి ఆ భాష తీసేసినవాళ్లు నీకు చెప్పారా క్షమాపణ? తక్కిందంతా బాగా చెప్పావు. ఆ వాక్యం ఇంకెప్పుడూ చెప్పకు." ఆ తర్వాత నేను ఆ వాక్యం చెప్పలేదు. నా చైనీసులో తప్పులు ఇప్పటికీ దొర్లుతాయి. వార్తలు సగం అర్థమవుతాయి, చదవడం ఇంకా తడబాటే. కానీ దాన్ని చాటున దాచుకుని తిరగడం మానేశాను.

మొన్నటి సెలవుల్లో సికింద్రాబాదు వెళ్లాను. హెడ్‌మిస్ట్రెస్ మాటకు ఎందుకు తలొగ్గావని అమ్మను తెలుగులో చాలాసార్లు అడిగాను. ప్రతిసారీ, "గిప్పుడెందుకు బిడ్డా ఆ ముచ్చట" అని లేచి వెళ్లిపోయేది. ఈసారి చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని వాళ్ల భాషలో అడిగాను. పెద్దవాళ్లు అడిగినట్టు అడిగాను. అమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. ఆ భాషలోనే జవాబు చెప్పింది. చైనాతో యుద్ధం జరిగినప్పుడు తను చిన్నపిల్లనని, తాతయ్యను పోలీసులు పదే పదే స్టేషనుకు రమ్మనేవారని, క్లినిక్ అద్దం మీద ఎవరో రాయి వేశారని, ఆ రాత్రి తాతయ్య పిల్లలందరినీ కూర్చోబెట్టి, వీధిలో మన భాషలో నోరు తెరవొద్దు, కుర్చీలో ఉన్నవాళ్లు ఏం చెప్పినా సరే అనండి అన్నాడని చెప్పింది. "ఆ హెడ్‌మిస్ట్రెస్ కుర్చీలో కూర్చుని చెప్పింది. నేను సరే అన్నాను" అంది. అద్దం పగిలిన శబ్దాన్ని కూడా ఆ భాషలో ఉన్న మాటతోనే చెప్పింది. ఆ మాట నాకు తెలుసు. ఒక్క ముక్క కూడా నేను మళ్లీ అడగాల్సిన పని పడలేదు.

చివర్లో కొంగుతో ముఖం తుడుచుకుని తెలుగులోకి వచ్చేసింది. "ఇన్నేండ్లు ఎవ్వరికి జెప్పలే బిడ్డా. మీ నాయినకు గూడ."

ఆ సంగతి ఇప్పుడు నా దగ్గర ఉంది, అమ్మ చెప్పిన ఆ మాటల్లోనే. తాంగ్ లావ్‌షీ లేకపోతే అది అమ్మతోనే ముగిసిపోయేది.